మా పెదనాయన పడగొట్టిన బడి

మా పెదనాయనకు రెండు పేర్లుండేవి. మద్రాసులో నెల్లూరు మేస్త్రీ, ఊళ్లో మద్రాసు మేస్త్రీ. ఎక్కడున్నా అవతలి చోటి మనిషి కిందే లెక్క. ఆయన అసలు పేరు రాతలో నేను చూసింది రెండే చోట్ల. ఒకటి రేషన్ కార్డు, రెండోది ఊరి బడి గోడకున్న నల్లరాయి. ఆ రాయి సంగతి చెప్పాలంటే చాలా వెనక్కి పోవాలి.

మా ఊరికి పోవాలంటే నాయుడుపేటలో రైలు దిగి తూర్పుకు పోవాలి. స్వర్ణముఖి ఒడ్డున ఉంటుంది. అప్పట్లో నెల్లూరు జిల్లా. ఊళ్లో నిలబడితే సముద్రం కనపడదు గానీ, బావి నీళ్లు చేదుకుని నోట్లో పోసుకుంటే ఎంత దగ్గరో తెలిసిపోతుంది. తాగదగ్గ నీళ్లున్న బావి ఒక్కటే ఉండేది, అదీ ఊరికి మైలు దూరంలో. ఈ నీళ్ల మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

పెదనాయన 1950లో, పదహారేళ్ల వయసులో, సవక కట్టెలు, అంటే సరుగుడు కట్టెలు, వేసుకుని బకింగ్‌హామ్ కాలవ మీద మద్రాసు పోయే పడవెక్కి వచ్చాడు. ప్రయాణం మూడు రోజులు పట్టిందని ఒకసారి, వారం పట్టిందని ఒకసారి చెప్పేవాడు. గట్టు మీద నడుస్తూ తాడుతో పడవ లాగేవాళ్లకు సాయం పట్టాడు కాబట్టి చార్జీ అడగలేదన్నది మాత్రం ఎప్పుడూ మారలేదు. బేసిన్ బ్రిడ్జి దగ్గర దిగాడు. ఇప్పుడా కాలవ మద్రాసు మురుగు మోస్తోంది. మైలాపూరు వైపు పోతే దాని నడుమ్మీదే ఎలక్ట్రిక్ రైలు స్తంభాలు దిగాయి. అందులో మా వైపు నుంచి కట్టె, ఉప్పు, సున్నం వచ్చేవంటే మా పిల్లలు కథ చెబుతున్నాననుకుంటారు.

మొదటి పని సున్నం గానుగ దగ్గర. పులికాట్ గుల్లలు కాల్చి చేసిన సున్నాన్ని ఇసకతో కలిపి గుండ్రటి గాడిలో పోస్తే, ఎద్దు రాతిచక్రాన్ని లాక్కుంటూ తిరుగుతుంది. ఎద్దు వెనకాలే తిరుగుతూ పక్కలకు పోయిన సున్నాన్ని మళ్లీ గాడిలోకి ఎగదోయడం ఈయన పని. "ఎద్దుకు మధ్యాన్నం గంట విడుపు, నాకు అరగంట" అనేవాడు. అక్కణ్నుంచి ఒక తమిళ కొత్తనార్ దగ్గర చేరి తాపీ పట్టుకోవడం నేర్చుకున్నాడు. మద్రాసులో తాపీ మేస్త్రీని కొత్తనార్ అంటారు. మగ కూలీ పెరియాళ్, ఆడ కూలీ సిత్తాళ్. గోడ నిలువు చూసేది తూకుగుండు, మట్టం చూసేది రసమట్టం. మా పెదనాయన పని మాటలు సగం తమిళం, సగం తెలుగు. తిట్లు మాత్రం అచ్చంగా నెల్లూరువే.

1952 చివర్లో ఆయన మైలాపూరులో లజ్ దగ్గర ఒక ఇంటి పనిలో ఉన్నాడు. అక్కడికి దగ్గర్లోనే, రాయపేట హైరోడ్డులో బులుసు సాంబమూర్తి గారింట్లో పొట్టి శ్రీరాములు గారు అక్టోబరు 19 నుంచి నిరాహారదీక్షలో ఉన్నారు. పని దిగాక సున్నం కాళ్లతోనే పోయి ఆ ఇంటి బయట కాసేపు నిలబడి వచ్చేవాడట. లోపలికి ఎన్నడూ పోలేదు. "పోయి ఏం చెప్పాల? ఒక ముద్ద తిను సామీ అని చెప్పాలనిపించేది. అది చెప్పకూడదు గదా" అన్నాడు ఒకసారి. డిసెంబరు 15 రాత్రి శ్రీరాములు గారు పోయారు. మర్నాటి ఊరేగింపులో పెదనాయన నడిచాడు. మరుసటి ఏడు, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. నెల్లూరు అటు పోయింది, మద్రాసు ఇటు ఉండిపోయింది. "ఊరు ఆ పక్క పడింది, అన్నం ఈ పక్క పడింది." ఆ చరిత్రంతా ఆయన నోట ఈ ఒక్క ముక్కే.

నాకు ఊహ తెలిసేసరికి, అంటే డెబ్భైల మొదట్లో, ఆయన సొంతంగా కాంట్రాక్టులు పట్టే మేస్త్రీ. వెస్ట్ మాంబళంలో ఒక అద్దె ఇంట్లో ఆయన కుటుంబం, మా కుటుంబం కలిసి ఉండేవాళ్లం. ఊరి నుంచి ఒక్కొక్కణ్నే తెచ్చుకుంటూ ముప్పై, నలభై కుటుంబాలను పనిలో పెట్టాడు. వాళ్లంతా జాఫర్‌ఖాన్‌పేటలో అడయారు గట్టున గుడిసెలు వేసుకున్నారు. ఎండాకాలం వస్తే ఊళ్లో ఉన్న మా ఊరివాళ్ల కన్నా ఆ గట్టు మీదున్న మా ఊరివాళ్లే ఎక్కువని మా నాయన ఎగతాళి చేసేవాడు. సంక్రాంతికి అక్కడ వేసిన ముగ్గులు చూస్తే ఎగతాళి కాదనిపించేది.

శనివారం సాయంత్రం బట్వాడా. వరండాలో చాప, చాప మీద ఇనప పెట్టె, పక్కన చుట్ట కాలుస్తూ పెదనాయన. పేరు పిలుస్తాడు, వారం కూలి లెక్క చెబుతాడు, డబ్బు చేతిలో పెట్టకముందే ఒక ప్రశ్న అడుగుతాడు. "ఊరికెంత?" పది అంటే పది పక్కన తీసి మిగిలింది ఇస్తాడు. ఏమీ లేదు అంటే మొహం వంక చూస్తాడు. ఆ చూపుకు భయపడి ఐదైనా చెప్పేవాళ్లు. ఇది మంచిదా, మనిషి సంపాదన మీద ఇంకో మనిషి పెత్తనమా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. ఆ ఐదు రూపాయల కోసం పోస్ట్‌మ్యాన్ దారి చూసే ముసలివాళ్లు ఊళ్లో ఉన్నారన్నది మాత్రం నిజం.

ఆదివారం పొద్దున మనియార్డరు ఫారాలు నింపడం నా పని. ఎనిమిదో ఏట మొదలుపెట్టాను. ఫారం అడుగున సమాచారం రాయడానికి చిన్న చోటు ఉండేది, నాలుగు వేళ్ల వెడల్పు. మనుషులు చెప్పేది అందులో పట్టేది కాదు. ఒకాయన తన ఎద్దుకు గాలికుంటు వచ్చిన సంగతి, ఏ ఆకు నూరి కట్టాలో, ఎవరిని అడగకూడదో, వాళ్లను ఎందుకు అడగకూడదో అరగంట చెప్పాడు. నేను "క్షేమం. ఎద్దును అమ్మవద్దు" అని రాసి మడిచాను. పెదనాయన చదివించుకుని విన్నాడు. ఆయనకు సంతకం, అంకెలు తప్ప పెద్దగా రాదు. నెత్తి మీద ఒక మొట్టికాయ వేసి, "వాడు చెప్పింది రాయి అబ్బయా, నీకు తోచింది కాదు" అన్నాడు. ఆ రోజు నుంచి అక్షరాలు చిన్నవి చేసి, అంచుల వెంబడి కూడా రాసేవాణ్ని. బడిలో నేను తెలుగు చదవలేదు. నాకొచ్చిన తెలుగంతా మనియార్డరు తెలుగే. ఇప్పటికీ నా రాత చీమల బారులా ఉంటుందని మా ఆవిడ అంటుంది.

బట్వాడా అయ్యాక పోయేముందు ఒక పాలపొడి డబ్బాలో తలా ఒక నాణెం వేసేవాళ్లు. దాన్ని ఊరి డబ్బా అనేవాళ్లం. అందులో ఎంత పడితే అంత పెదనాయన కూడా వేసేవాడు. బావి పూడిక తీయించడానికి, గుడి ముందు అరుగు కట్టడానికి, ఎవరైనా పోతే ఊరికి తీసుకుపోయే వ్యాన్ బాడుగకు ఆ డబ్బే. నిజం చెప్పాలంటే ఎక్కువ ఖర్చయింది వ్యాన్లకే.

ఇది చదివి ఆయన్ని దేవుణ్ని చేసేయకండి. కొత్తనార్ కూలిలో సిత్తాళ్ కూలి సగం కూడా ఉండేది కాదు. ఇటుకలు మోసేది వాళ్లు, మాలు, అంటే కలిపిన సున్నం, సిమెంటు, అందించేది వాళ్లు, మూడో అంతస్తుకు సారం (కర్రల పరంజా) మీద తట్టలు ఎక్కించేది వాళ్లు. మా పెద్దమ్మ ఒకటికి పదిసార్లు అడిగింది. "మార్కెట్ రేటు అంతే" అనేవాడు. మార్కెట్లో ఇంకా చాలా అలవాట్లుండేవి. సిమెంటు దొంగిలించడం, కూలి ఎగ్గొట్టడం, వానాకాలం మనుషుల్ని వదిలేయడం. వాటిలో ఒక్కటీ ఆయన పాటించలేదు. ఇది మాత్రం పాటించాడు.

ఆ సిత్తాళ్లలో ఒకామెను అందరూ పాటల అత్త అనేవాళ్లు. మద్రాస్ టెర్రస్ అనే సున్నపు మిద్దెకప్పు వేసేటప్పుడు పాట ఎత్తుకునేది ఆమే. ఆ టెర్రస్ గురించి నాలుగు మాటలు చెప్పకపోతే నాకు తోచదు. గోడల మీద టేకు దూలాలు పరిచి, వాటి మీద అంగుళం మందం ఉండే చిట్టి ఇటుకల్ని నిలువుగా, మూలకు వాలుగా, సున్నంతో పేర్చుకుంటూ పోతారు. కింద చెక్క బల్ల ఆనింపు ఉండదు. సున్నం పట్టే పట్టే ఆసరా. పైన ఇటుక ముక్కలూ సున్నమూ కలిపిన కాంక్రీటు మూడు నాలుగు అంగుళాలు వేసి, ఆడవాళ్లు వరసగా గొంతుక్కూర్చుని చిన్న చిన్న కర్రలతో రోజుల తరబడి బాదుతారు. మధ్యమధ్య కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు చల్లుతారు. కర్ర దెబ్బకు ఒక పదం, పదానికి ఒక దెబ్బ. కర్ర ఎగిరిపడి కణకణమంటే గట్టిపడ్డట్టు. పాట ఆగిందంటే పెదనాయన కింద నుంచే అరిచేవాడు. పాటలు ఆగితే దెబ్బలు చెదిరిపోతాయని ఆయన లెక్క. అరవైల దాకా ఆ పని బాగానే ఉండేదట. నేను చూసింది చివరి రెండు మూడు ఇళ్లు, టీ నగర్‌లో, మైలాపూరులో. ఆపైన ఎక్కడ చూసినా కమ్మీ, కంకర, సిమెంటు శ్లాబులే. అత్తకు పాట పాడే పని పోయి, తట్ట మోసే పని మిగిలింది.

కోడంబాకం, వడపళని స్టూడియోల్లో తెలుగు పని చాలా ఉండేది కదా, సెట్లు కట్టడానికి రమ్మని పెదనాయనను పిలిచేవాళ్లు. మంచి డబ్బు. ఒకసారి పోయి పది రోజులు చేశాడు. కట్టిన రాజుగారి కోట గోడను రెండో వారం ఆయన కళ్ల ముందే పీకేశారు. మళ్లీ పోలేదు. "మన చేత్తో కట్టింది మన కళ్ల ముందు పడగొట్టడం అపశకునం" అన్నాడు. ఈ మాట కూడా గుర్తుంచుకోండి.

1978లో ఊళ్లో బడికి రెండు గదులు కట్టాడు. అంతకుముందు బడి అంటే తాటాకు పాక. ఊరి డబ్బా డబ్బు, ఆయన సొంత డబ్బు, ఊళ్లో రైతులు వేసుకున్న చందా. సిమెంటు అప్పట్లో పర్మిట్ మీద దొరికేది. బస్తాల కోసం తిరిగిన తిరుగుడుకు ఒక జత చెప్పులు అరిగాయి. పనివాళ్లంతా మద్రాసు నుంచి వచ్చిన మా ఊరివాళ్లే, కూలి లేకుండా. నాకు పన్నెండేళ్లు, ఎండాకాలం సెలవులు.

ప్రారంభానికి ఒక నాయకుడు వస్తానని తేదీ ఇచ్చేశాడు. అసలు చిక్కంతా అక్కడే. శ్లాబు పోసే రోజు మంచినీళ్ల బావి నుంచి ఎద్దుబండ్ల మీద డ్రమ్ములతో నీళ్లు తోలారు. మే నెల. మధ్యాహ్నానికి బావి అడుగంటింది. శ్లాబు సగం పోసి ఆపితే అతుకు పడుతుంది, అతుకు దగ్గర నీళ్లు కారతాయి. పక్కనే ఏటి పాయ ఉంది. పెదనాయన పాయ నీళ్లు తెమ్మన్నాడు. ఇసక కూడా ఆ పాయ ఒడ్డుదే. పాటల అత్త కడవ దించి, అరచేతిలో కాసిని నీళ్లు పోసుకుని నాలుక మీద వేసుకుంది.

"అయ్యా, ఇవి ఉప్పు" అంది.

"నీ పాట నువ్వు పాడుకో" అన్నాడు పెదనాయన.

నేను పక్కనే తట్టలు లెక్క రాస్తున్నాను. అందరూ విన్నారు. అత్త ఇంకేం అనలేదు, కడవ ఎత్తుకుంది. ఉప్పునీళ్ల సంగతి ఆయనకు తెలియక కాదు. ఇరవై ఎనిమిదేళ్ల పనిలో అది తెలియని మేస్త్రీ ఉండడు. నాయకుడొచ్చే రోజు దగ్గర పడింది, అంతే.

నల్లరాయి మద్రాసులోనే చెక్కించాడు. కీల్పాకు వైపు సమాధిరాళ్లు చెక్కే ఒక తమిళాయన, తెలుగు అక్షరాలను బొమ్మల్లా చూసి చెక్కాడు. పెదనాయన పేరులో ఒక వత్తు ఎగిరిపోయింది. దాన్ని చూసి పెద్దమ్మ నవ్వింది. ఆయన మాత్రం ఆ రాయిని రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. పేరంటే ఆయనకు మోజు ఉండేది, దాచుకోలేదు కూడా. ప్రారంభం రోజున నాయకుడు మాట్లాడుతుంటే ఈయన చూపు రాయి మీదే ఉంది.

1984 నవంబరులో తుఫాను శ్రీహరికోట దగ్గర తీరం దాటింది. నెల్లూరు జిల్లాలో వందల మంది పోయారు. మూడో రోజుకు గానీ మాకు కబురు తెలియలేదు. పెదనాయన జాఫర్‌ఖాన్‌పేట గట్టు మీదికి పోయి ఉన్న మగవాళ్లందరినీ, పాటల అత్తనూ ఒక లారీ ఎక్కించాడు. సవక కర్రలు, తాటాకు, చిన్న సైజు తాళ్లు, బియ్యం. కాలేజీ మానేసి నేనూ ఎక్కాను. దారంతా చెట్లు కూలి ఉన్నాయి, దిగి నరకడం, ఎక్కడం. ఊళ్లోకి పోయేసరికి ఇళ్లకు పైకప్పులు లేవు. నిలబడ్డవి గుడి, రెండు మిద్దెలు, బడి.

తుఫాను రాత్రి బడి గదుల్లో మూడొందల మంది నిలబడే తెల్లవార్చారట. ముసలివాళ్లొచ్చి పెదనాయన చేతులు పట్టుకున్నారు. ఒకామె కాళ్ల మీద పడింది. "నీ బడే మమ్మల్ని కాపాడింది మేస్త్రీ" అని ఏడ్చింది. ఆయన ఆమెను లేపలేదు. తల ఎత్తి పైకి చూస్తున్నాడు. నేనూ చూశాను. పైకప్పు అడుగున, కమ్మీ ఉన్న ప్రతి చోటా, స్కేలు పెట్టి గీసినట్టు గోధుమరంగు గీతలు. అడ్డంగా, నిలువుగా, గళ్లుగళ్లుగా. వెనక నిలబడ్డ అత్త కూడా చూసింది. ఆయన ఆమె వంక తిరిగాడు. ఆమె తల వంచుకుని బయటికి పోయింది. అనదగ్గ మాట ఆమె దగ్గర ఉంది, అనలేదు.

కాంక్రీటులోకి ఉప్పు పోతే కమ్మీ తుప్పు పడుతుంది. తుప్పు ఊరికే ఉండదు, ఇనుము కన్నా ఎన్నో రెట్లు చోటు తీసుకుంటుంది. లోపలి నుంచి ఉబ్బి, కింది పొరను పగలగొట్టుకుని బయటికొస్తుంది. ఏళ్లు పడుతుంది గానీ ఆగదు. పైన ఎంత సిమెంటు పూసినా కొత్త చొక్కా తొడిగినట్టే. ఇదంతా ఆ రాత్రి నాకు ఆయనే చెప్పాడు, కూలిన వేపచెట్టు మొద్దు మీద కూర్చుని. తన తప్పు అని ఒక్క మాట లేదు. వేరే ఎవరో కట్టిన ఇంటి గురించి చెప్పినట్టే చెప్పాడు.

తర్వాతి ఏడాది, 1985 నవంబరులో, మద్రాసులోనే వరద. అడయారు పొంగి గట్టు మీది గుడిసెలు మునిగాయి. పెదనాయన అందరినీ కె.కె. నగర్‌లో తాను కడుతున్న, తలుపులింకా పెట్టని ఇంటి మొదటి అంతస్తులోకి ఎక్కించాడు. ఇంటి యజమానికి కోపం వచ్చింది, కొత్తింట్లో పొయ్యి వెలిగించారని. రెండు నెలలు బిల్లు ఆపాడు. పెదనాయన ఆ రెండు నెలలు అప్పు తెచ్చి బట్వాడా చేశాడు.

ఆయనప్పటి నుంచి ఊరికి పోయినప్పుడల్లా ఇంటికి పోకముందే బడికి పోయేవాడు. చెప్పులు విడిచి, గది మధ్యలో నిలబడి, పైకి చూసి వచ్చేవాడు. ఊళ్లో ఆయన కట్టించినవి ఇంకా చాలా ఉన్నాయి. బావి గట్టు, గుడి అరుగు, శ్మశానం దగ్గర పాక, బస్సాగే చోట ఒక బల్ల. అవేవీ ఉన్నాయో లేదో కూడా చూసేవాడు కాదు.

1989లో ఒక ఆదివారం పెచ్చు ఊడి బెంచి మీద పడింది. ఆదివారం కాబట్టి పిల్లలు లేరు. ఉత్తరం చదివి వినిపించింది నేనే. రెండోసారి చదవమన్నాడు. 1990 ఎండాకాలంలో పడగొట్టి మళ్లీ కడదామన్నాడు. డబ్బెక్కడిదని మా నాయన అడిగాడు. పెద్దమ్మ చేతుల గాజులు, పెళ్లినాటివి, కుదవకు పోయాయి. ఆ గాజులు మళ్లీ ఇంటికి రాలేదు. "ఊరికి బడి, నాకు వట్టి చేతులు" అని పెద్దమ్మ చనిపోయేదాకా అంటూనే ఉంది. సరదాకి కాదు, కోపంతోనే అనేది. ఆమె వైపు న్యాయముందని నేనిప్పటికీ అనుకుంటాను. ఆయన ఆ మాటకు ఎన్నడూ జవాబు చెప్పలేదు.

పడగొట్టే రోజు మొదటి సమ్మెట దెబ్బ ఆయనే వేశాడు. యాభై ఆరేళ్లు. ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. కోట సెట్ మాట నాకు గుర్తొచ్చింది, ఆయనకు గుర్తొచ్చిందో లేదో అడగలేదు. లోపలి కమ్మీ బయటపడితే వేలి లావు ఉండాల్సింది కొన్ని చోట్ల తాటి ఈనె అంత మిగిలింది. ఒక జానెడు ముక్క కోసి తెచ్చి మాంబళం వరండాలో దారం కట్టి వేలాడదీశాడు. కొత్తగా పనిలో చేరిన ప్రతివాడూ దాన్ని చేతిలోకి తీసుకుని చూడాలి. చెప్పేది ఏమీ లేదు, చూస్తే చాలు.

ఈసారి నాయకుడూ లేడు, తేదీ లేదు. నీళ్ల డ్రమ్ముల పక్కన ఒక పీట వేసి పాటల అత్తను కూర్చోబెట్టాడు. ప్రతి డ్రమ్మూ, ప్రతి ఇసక బండీ ఆమె నాలుక మీద వేసుకుని తల ఊపితేనే మాలు కలపాలి. తర్వాత మద్రాసు పనుల్లోనూ అదే పద్ధతి నడిచింది. ట్యాంకర్ లారీ తెచ్చినవాళ్లు, "ఎవరయ్యా ఈవిడ, ల్యాబా?" అని నవ్వేవాళ్లు. రెండు లారీలు వెనక్కి పోయాక నవ్వడం మానేశారు. అత్తకు కొత్తనార్ కూలి ఇచ్చాడు. మిగతా సిత్తాళ్లకు పాత కూలే. ఈ తేడా గురించి అత్తే ఒకసారి బట్వాడాలో అడిగింది, అందరి ముందు. ఆయన చుట్ట వెలిగించుకున్నాడు.

రాయి దగ్గర ఇంకో గొడవ. పాత రాయినే పెట్టి, దాని కింద "పడగొట్టి మళ్లీ కట్టినది 1990" అని చెక్కాలన్నాడు పెదనాయన. సర్పంచ్ గారు వద్దన్నారు.

"పడగొట్టి అని రాయి మీద ఎవరైనా రాస్తారా మేస్త్రీ? గుళ్లకు రాసినట్టు జీర్ణోద్ధరణ అని రాయించు. గౌరవంగా ఉంటుంది."

"జీర్ణోద్ధరణ అంటే పాతబడిపోయిందని గదా అర్థం. పన్నెండేళ్లకు ఏం పాతబడుద్ది అయ్యా?"

"చదివినవాళ్లు ఏమనుకుంటారు?"

"ఎందుకు పడగొట్టినాడో అడుగుతారు. అడగనీ."

చివరికి ఎవరి చేతా చెక్కించలేదు. ఉలి తీసుకుని తనే కూర్చున్నాడు. నేను బొగ్గుతో అక్షరాలు గీశాను, ఆయన వాటి మీద కొట్టుకుంటూ పోయాడు. వంకరటింకరగా వచ్చాయి. పేరులో ఎగిరిపోయిన వత్తు కూడా పెట్టమంటే, "దాన్ని అట్టనే ఉండనీ, రాయి బెదురుద్ది" అన్నాడు. రాయి బెదరడమంటే పగులు పట్టడం.

ఆ తర్వాత సంగతులు గబగబా అయిపోయాయి. అపార్ట్‌మెంట్ల రోజులొచ్చాయి. పెద్ద కంపెనీలు, ఇంజనీర్లు, పాలమూరు నుంచి, ఒడిశా, బీహార్ నుంచి మనుషులు. మేస్త్రీ చేతికి మరమ్మతులు మిగిలాయి. గట్టు మీది పిల్లలు చదువుకుని వేరే పనుల్లోకి పోయారు, సగం మందికి ఊరు చుట్టాల ఊరయింది. 1996లో తెలుగుగంగ మీద కృష్ణ నీళ్లు పూండి దాకా వచ్చినప్పుడు మా ఇంట్లో పండగ చేసినంత పని చేశాడు. కండలేరు మీదుగా, అంటే మా జిల్లా మీదుగా వచ్చే నీళ్లు. మాంబళం కొళాయిలో ఒక గ్లాసు పట్టి పాటల అత్తను పిలిపించాడు. "రుచి చూసి చెప్పు, మన నీళ్లేనా?" అత్త ఒక గుక్క తాగి కాసేపు ఆలోచించింది. "మందు వాసన తప్ప ఏం తెలవడం లేదయ్యా" అంది. ఆయన మొహం చిన్నబోయింది. మేమంతా నవ్వాం.

2007లో పోయాడు. ఊరికే తీసుకుపోయాం. ఊరి డబ్బా అప్పటికి లేదు, వ్యాన్ బాడుగ నేను ఇచ్చాను. అత్త అంతకు రెండేళ్ల ముందే పోయింది.

పోయినేడు ఊరికి పోతే బడికి కొత్త రంగులేశారు. రాయి మీద కూడా వేసేశారు. పేరు, 1978 కనిపిస్తున్నాయి, లోతుగా చెక్కినవి కాబట్టి. కింద మేము చెక్కిన వరస రంగులో పూడిపోయింది. తాళంచెవితో కాసేపు గీకాను. "పడ" దాకా వచ్చింది. ఈలోగా గంట కొట్టారు, పిల్లలు బయటికొచ్చి నేనేం చేస్తున్నానో చూడ్డం మొదలుపెట్టారు. చెవి జేబులో వేసుకున్నాను.

ఇప్పుడు నేనుండేది అశోక్ నగర్‌లో. పక్క స్థలంలో, మద్రాసు లెక్కలో ఒక గ్రౌండ్, అంటే 2400 చదరపుటడుగుల నేల, పాత ఇల్లు పడగొట్టి ఐదంతస్తులు లేపుతున్నారు. మొన్న పొద్దున నడకకు పోతూ రోడ్డు మీద పోసిన ఇసక కుప్ప దగ్గర ఆగాను. ఎందుకాగానో తెలియదు. చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నాను. సైట్ ఇంజనీర్ కుర్రాడు, చిత్తూరు వైపు తెలుగు మాట్లాడతాడు, పరిగెత్తుకొచ్చాడు.

"ఏం సార్, ఏమైంది సార్?"

"ఉప్పుందేమో చూస్తున్నాను."

"అది ఎంశాండ్ సార్. రాయి కొట్టిన పొడి. క్వారీ నుంచి వస్తుంది. దాంట్లో ఉప్పెక్కణ్నుంచి వస్తుంది సార్?" అని నవ్వాడు.

పక్కకు తిరిగి ఉమ్మేసి, "నీళ్లెక్కడివి మరి?" అన్నాను.